ఐలవ్వ హోటల్లో తెల్ల పటం

ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో హోటల్ తెరిచిన కొత్తలో ఐలవ్వకు కూర వండడం కంటే తోవ చెప్పడమే పెద్ద పనైపోయింది. ఆదివారం వచ్చిందంటే చాలు, కొండపోచమ్మ సాగర్ చూడాలని హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరేవి. సరిగ్గా ఆమె హోటల్ ముందే ఆగి, అద్దం దించి, "అమ్మా, సాగర్‌కు ఎటు పోవాలి?" అని అడిగేవాళ్ళు. ఐలవ్వ పొయ్యి మీద కూర వదిలేసి, గరిటెతోనే బయటికొచ్చి, ఆ గరిటెతోనే దిక్కు చూపించేది. నాటుకోడి పులుసు చుక్కలు కొన్ని కారు మీద, కొన్ని అడిగినవాళ్ళ చొక్కా మీద పడేవి. వాళ్ళు తుడుచుకుని, థాంక్స్ చెప్పి, గేరు మార్చి వెళ్ళిపోయేవాళ్ళు. ఆగి ముద్ద తిన్నవాడు ఒక్కడూ లేడు.

"తొవ్వడుగుడు నా తాన, తినుడు ఇంకోని తాన!" అని ఒక రోజు గరిటె విసిరికొట్టింది ఐలవ్వ. "గోడకు ఇంత పెద్ద పటం గొట్టిస్త. తొవ్వ గావాల్నంటే లోపటికొచ్చి సూడాలె. లోపటికొస్తే కూర వాసన తగుల్తది. వాసన తగిల్నంక యాడికి వోతరో నేనూ సూస్త."

ఉల్లిగడ్డలు కోస్తున్న భర్త పర్శరాములు కళ్ళు తుడుచుకుంటూ తల ఊపాడు. వేములఘాట్‌లో ఉన్నన్నాళ్ళు ఆయన ఈతచెట్లెక్కి కల్లు గీసినవాడు. ఊరు మల్లన్న సాగర్ కింద మునిగాక అందరితోపాటు గజ్వేల్ కాలనీకి వచ్చిపడ్డాడు. కాలనీలో ఎక్కడానికి కరెంటు స్తంభాలు తప్ప మరేమీ లేకపోవడంతో పెళ్ళాం హోటల్లో ఉల్లిగడ్డలకు కుదిరాడు.

పటం మాట చెవిన పడగానే వంటింట్లో కొత్తిమీర తుంపుతున్న వినీత లేచి నిలబడింది.

వినీత ఐలవ్వ తమ్ముడి కూతురు. సిద్దిపేటలో ఇంజనీరింగ్ ముగించి, ఉద్యోగం వచ్చేలోపు ఎండాకాలం మేనత్త దగ్గర గడుపుదామని వచ్చింది. పొద్దున లేచింది మొదలు ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది. అందులో ఏం చేస్తోందో ఇంట్లో ఎవరికీ తెలియదు. అందరి ముందూ ఒకసారి తెలిసేలా చేస్తే బాగుండునని ఆమెకు చాలా రోజులుగా మనసులో ఉంది.

"పటం నేను గీస్తత్తా," అంది.

"నీకు బొమ్మలు గీసుడు గూడ వచ్చా బిడ్డ?"

"చేతితోని గాదు, ప్రోగ్రామ్‌తోని. దానికొక లైబ్రరీ ఉంటది."

పర్శరాములు కత్తి కింద పెట్టాడు. "ఇయ్యాల శుక్కురారం గదా బిడ్డ. లైబ్రరీ బంద్ ఉంటది."

వినీత నవ్వాపుకుని ఓపికగా చెప్పింది. ఇది పుస్తకాల లైబ్రరీ కాదు, ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట. ఏ ఊరు ఎక్కడుందో అంకెల్లో చెబితే చాలు, ఆ ఊరి వెనకాల ఉండాల్సిన నేల, నీళ్ళు, రోడ్లు అన్నీ తనే తెచ్చి పరుస్తుంది. ముగ్గు వేసేముందు వాకిట్లో సాన్పి చల్లుతాం చూడు, అట్లాగన్నమాట. సాన్పి లైబ్రరీ చల్లుతుంది, చుక్కలు మాత్రం మనం పెట్టుకోవాలి.

"సాన్పి మాట అర్థమైంది," అంది ఐలవ్వ. "అయితే నా హోటల్ కాడ కోడి బొమ్మ వెట్టు. సాగర్ కాడి మర్కూక్, కొమురవెల్లి, సిద్దిపేట, గజ్వేల్ అన్ని పెట్టు. వేములఘాట్ గూడ పెట్టు."

"మునిగిన ఊరికి తొవ్వ ఎవలడుగుతరత్తా?"

"ఎవలడగకున్నా పెట్టు."

ఈ సంగతి రోడ్డవతల ఫ్లెక్సీల దుకాణం నడిపే శైలేందర్‌కు తెలిసి అతను నవ్వాడు. "గింతదానికి ప్రోగ్రామెందుకు చెల్లె? ఫోన్ల మ్యాప్ తెరిచి ఫొటో కొట్టి పంపు. చాయ్ తాగేలోపట కొట్టిస్త." వినీతకు రోషం వచ్చింది. ఫోన్లోని బొమ్మ గోడంత పెద్దది చేస్తే అలికిపోతుందనీ, తనది ఎంత పెద్దది చేసినా సూదిమొనలా ఉంటుందనీ చెప్పింది. చెప్పాక వెనక్కి తగ్గే దారి లేకుండా పోయింది.

నిజానికి పటాలు గీయడం గురించి వినీత ఒక వీడియో పూర్తిగా, ఇంకో వీడియో సగం చూసింది. చూడని ఆ సగంలోనే అసలు మాట ఉంది. భూమి మీద ఏ చోటునైనా రెండు అంకెలతో చెప్పవచ్చు. భూమధ్యరేఖ నుంచి ఎంత పైన ఉందో చెప్పేది అక్షాంశం, ఎంత తూర్పున ఉందో చెప్పేది రేఖాంశం. ఫోను ముందు అక్షాంశం చెబుతుంది, తర్వాత రేఖాంశం. పటం గీసే లైబ్రరీ మాత్రం ముందు రేఖాంశం అడుగుతుంది. ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఇంకొకరు చివర రాస్తారు, అట్లాంటి తేడా. వినీత ఫోన్లో చూసి, ఉన్నవి ఉన్నట్టే లైబ్రరీకి అప్పగించింది.

బొమ్మ వచ్చింది. చుక్కలు వచ్చాయి, పేర్లు వచ్చాయి, కోడి వచ్చింది. వెనకాల మాత్రం ఏమీ రాలేదు. సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది.

నెట్టు సరిగా లేదనుకుంది వినీత. ల్యాప్‌టాప్ ఎత్తుకుని డాబా ఎక్కింది. ఎండకు కాళ్ళు కాలాయి కాని పటం తెల్లగానే ఉంది. రోడ్ల పటం బదులు ఆకాశం నుంచి తీసిన ఫొటో తెప్పించింది. అదీ తెల్లగానే వచ్చింది. కాకపోతే అక్కడక్కడా బూడిదరంగు పగుళ్ళలాంటివి కనిపించాయి. పర్శరాములు భుజం మీదుగా తొంగిచూసి, "మబ్బువట్టినప్పుడు దీసిన్రు కావొచ్చు బిడ్డ," అన్నాడు. ఆ మాట వినీతకు ఎంతో సబబుగా తోచింది. ఒక మూల ఇంగ్లీషులో చిన్నగా 'లోమొనొసోవ్‌ఫొన్నా' అని ఉంది.

"గిదేంది మామా?"

"ఏదో కొత్త వెంచర్ పేరుంటది. గజ్వేల్ సుట్టు మొత్తం ప్లాట్లే గదా. ఇప్పుడు గసొంటి పేర్లే వెడుతుండ్రు."

అదీ నిజమే అనిపించింది. పైగా చూడ్డానికి పటంలో తప్పేమీ లేదు. ప్రజ్ఞాపూర్ నుంచి సిద్దిపేట పైకి, కుడివైపుకు ఉండాలి, అట్లాగే ఉంది. ఒక్క మర్కూక్ మాత్రం కిందికి ఉండాల్సింది ఎడమకు జరిగినట్టు అనుమానం వచ్చింది కాని, లైబ్రరీ రాసిన వాళ్ళకంటే తనకు ఎక్కువ తెలుసా అని ఊరుకుంది.

శైలేందర్ తన కంప్యూటర్లో బొమ్మ తెరిచి చాలాసేపు చూశాడు. "వెనకాలది రాలేదు చెల్లె."

"వచ్చిందన్నా. గది మినిమల్ డిజైన్."

"ఓ," అన్నాడు శైలేందర్. ఆ మాట అతనికి తెలియదు, తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేదు. "నేను గదే అనుకున్న."

ఆదివారం పొద్దుటికల్లా హోటల్ గోడకు పటం ఎక్కింది. అంత తెలుపు మీద ఎర్రటి కోడి కొట్టొచ్చినట్టు కనిపించింది. ఐలవ్వ దానికి కొబ్బరికాయ కొట్టింది. ఆమె అన్నట్టే కార్లవాళ్ళు దిగి లోపలికి వచ్చారు. పటం చూశారు, ముక్కులెగరేసి వాసన చూశారు, "వచ్చేటప్పుడు తింటాం ఆంటీ," అని వెళ్ళారు. ఐలవ్వ పెద్ద గంజు నిండా బగారన్నం వండి కూర్చుంది.

మధ్యాహ్నానికి ఒక కారు తిరిగొచ్చింది. దిగినవాళ్ళ ముఖాలు ఎండకు, కోపానికి కందిపోయి ఉన్నాయి.

"ఆంటీ, మీ పటం చూసే కదా ఎడమవైపు పోయినం! గజ్వేల్ దాటినం, పోయినం, పోయినం, తూప్రాన్ వచ్చింది గాని సాగర్ రాలేదు!"

"ఎండల వడి వచ్చిన్రు, ముందుగాల కూసోన్రి కొడుకా," అంది ఐలవ్వ, తప్పు ఎవరిదో తేల్చుకోకుండానే ఆకులు వేస్తూ. కోడికూర రెండోసారి వడ్డించేసరికి వాళ్ళు తూప్రాన్ మాట మర్చిపోయారు.

వినీత మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి పటంలో మర్కూక్ వైపు మళ్ళీ చూసింది. సరిగ్గా అప్పుడే పక్క ఊరి బడిలో సోషల్ చెప్పే సుధాకర్ సారు భోజనం ముగించి, చేతులు కడుక్కుని, రుమాలుతో తుడుచుకుంటూ పటం ముందు నిలబడ్డారు. చూపు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెళ్ళింది. చేతులు ఆరిపోయినా తుడుచుకోవడం ఆగలేదు.

"ఎవరు గీసిన్రమ్మా ఇది?"

"మా మ్యానకోడలు సారూ. ఇంజనీరు," అంది ఐలవ్వ గర్వంగా.

"అంచుకు డిగ్రీలు గూడ రాసింది, మంచి పని చేసింది. కానీ అమ్మాయీ, పద్దెనిమిది డిగ్రీల కాడుండే మన ప్రజ్ఞాపూర్ డెబ్భై ఎనిమిది డిగ్రీల ఉత్తరానికి ఎన్నడు వోయింది?"

వినీత గబగబా వచ్చి పటం అంచున ఉన్న అంకెలు చూసింది. సారు మూలనున్న పేరును ఫోన్లో కొట్టి చూశారు. చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇది స్వాల్‌బార్డ్. నార్వే దేశపు దీవి. ఇంకొంచెం పైకి వోతే ఉత్తర ధ్రువమే. నీ కోడి గూసున్నది మంచుగడ్డ మీద."

"మంచా?" అన్నాడు పర్శరాములు.

"సంవత్సరం పొడుగూత మంచే. తెల్ల ఎలుగుబంట్లు తిరుగుతయి."

"తెల్ల గుడ్డెలుగులా!"

బయట రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. లోపల ఫ్యాను వేడిగాలిని ఈ మూల నుంచి ఆ మూలకు తోస్తోంది. హోటల్లో తింటున్న వాళ్ళందరూ ముద్ద చేతిలోనే పట్టుకుని, ఆ తెల్లటి పటం వైపు ఒక్కసారి ఆశగా చూశారు. తూప్రాన్ వెళ్ళొచ్చిన వాళ్ళలో ఒకడు, "అందుకే సాగర్ దొరకలే," అని తృప్తిగా తలాడించాడు.

ఆ సాయంత్రానికి శైలేందర్ పటం ఫొటో తీసి స్టేటస్ పెట్టాడు: 'నార్త్ పోల్‌లో మన ఐలవ్వ హోటల్. నాటుకోడి దొరకును.' మర్నాటి నుంచి జనం పటం దగ్గర నిలబడి ఫొటోలు దిగడం మొదలుపెట్టారు. ఒకాయన ఆ ఎండలో స్వెట్టర్ తెచ్చుకుని, తొడుక్కుని, ఫొటో దిగి, విప్పి, చెమటలు కక్కుతూ రెండు సీసాల నీళ్ళు తాగాడు. ఐలవ్వకు బేరం పెరిగింది. వినీత మాత్రం బయటికి రాలేదు. వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని, అవసరం లేనన్ని ఎల్లిగడ్డలు ఒలిచింది.

"అందరు నవ్వుతుండ్రత్తా."

"నవ్వుకుంటనే తింటుండ్రు గదనే. ఏడ్చుకుంట తింటే మనకు బాధ."

అత్త ఎంత సముదాయించినా వినీత మనసు ఊరుకోలేదు. తప్పు దిద్దడానికి పట్టిన సమయం చాయ్ కాగేంత కూడా లేదు. ప్రోగ్రామ్‌లో ఒక్క వరసలో అక్షాంశాన్ని, రేఖాంశాన్ని అటుదిటు చేసింది. ఈసారి తెర మీద నేల పచ్చగా పరుచుకుంది. రాజీవ్ రహదారి పసుపుతాడులా సాగింది. మర్కూక్ బుద్ధిగా కిందికి దిగింది. చెరువులు, కుంటలు, కాలువలు అన్నీ వచ్చాయి. వినీతకు ప్రాణం లేచొచ్చింది. ల్యాప్‌టాప్ తెచ్చి, కూరగాయల బుట్ట పక్కకు తోసి, అత్త ముందు పెట్టింది.

"సూడత్తా! గిది అసలుది. రేపే కొట్టిద్దాం."

ఐలవ్వ చేయి కొంగుకు తుడుచుకుని వంగి చూసింది. కోడి దగ్గర వేలు పెట్టింది, కొమురవెల్లి దగ్గర పెట్టి దండం పెట్టుకుంది. ఆ వేలు మెల్లగా పక్కకు జరిగి, తెర మధ్యలో పెద్దగా పరుచుకున్న నీలం రంగు మీద ఆగింది. ఆ నీలం నడుమ చిన్న ఎర్రచుక్క ఉంది. పక్కన 'వేములఘాట్' అని రాసి ఉంది.

"గీ నీలిది నీళ్ళేనా బిడ్డ?"

వినీతకు అప్పుడు గుర్తొచ్చింది. "ఔనత్తా. మల్లన్న సాగర్."

పొయ్యి మీద అన్నం గంజి పొంగి మంట మీద పడి చుయ్యిమంది. పర్శరాములు లేచి మూత తీసి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"వద్దు," అంది ఐలవ్వ చివరికి. "గా తెల్లదే ఉండనీ."

"అత్తా, గది తప్పు పటం!"

"తప్పైతే కానీ. గా తెల్లదాంట్ల మన ఊరు ఎండకే ఉన్నది."

వినీత సుధాకర్ సారును సాయానికి పిలిచింది. సారు వచ్చి, పటమన్నది నిజం చెప్పాలని, పిల్లలు చూస్తే తప్పు నేర్చుకుంటారని, చాయ్ రెండు గ్లాసులు తాగుతూ చెప్పారు. ఐలవ్వ చివరిదాకా శ్రద్ధగా విన్నది.

"సారూ, గా మంచు కరిగి నీళ్ళైతదా?"

"ఇప్పట్లో గాదమ్మా. శానా ఏండ్లు వడ్తది."

"గట్లయితే చాలు. అప్పటిదాంక ఉంటది గద."

సారు గ్లాసు కింద పెట్టారు. చివరికి బేరం కుదిరింది. సరైన పటం బయట గోడకు, తోవ అడిగేవాళ్ళ కోసం. తెల్ల పటం లోపలే, చేతులు కడిగే చోట. బయటి పటం కొట్టిస్తూ శైలేందర్ వినీతను పక్కకు పిలిచాడు. "మా దోస్త్ వెంచర్‌కు గూడ ఒక పటం గావాల్నట చెల్లె. గీసిస్తవా? గీసారి భూమ్మీద జాగ సూసి గియ్యి, ప్లాట్లు గొన్నోళ్ళు సలికి సస్తరు." వినీత అతని మీదికి ఎల్లిగడ్డ పొట్టు విసిరింది కాని, పని ఒప్పుకుంది.

కథ అక్కడితో ఆగిపోయేదే. కాని స్టేటస్‌లో పటం ఫొటో తిరిగి తిరిగి కాలనీలకు చేరింది. వేములఘాట్ వాళ్ళు ఆ ఎర్రచుక్కను చూశారు. ఒక మధ్యాహ్నం ఆ ఊరివాడే అయిన జోయల్ నడిపే ఆటోలో బాలవ్వ, కొండవ్వ దిగారు. ఊళ్ళో వాళ్ళిద్దరివీ పక్కపక్క ఇళ్ళు. నడుమ ఒకటే గోడ. కాలనీలో ఒకరికి ఈ కొస, ఇంకొకరికి ఆ కొస ఇల్లు వచ్చింది. ఊరు విడిచాక ఒకరినొకరు చూసుకున్నది తక్కువ.

బాలవ్వ పటం ముందు నిలబడి, "ఊరొక్కటే వెట్టినవు, మా ఇల్లేది బిడ్డ?" అని వినీతను అడిగింది.

"ఫ్లెక్సీ అయిపోయిందవ్వా. ఇప్పుడు కొత్త చుక్కలు పెట్టరాదు."

"ఎందుకు రాదు?" అంటూ బాలవ్వ తన నుదుటి బొట్టుబిళ్ళ తీసి, వేములఘాట్ చుక్కకు కొంచెం పైన, మంచు మీద, గట్టిగా అద్దింది. "గిది మా ఇల్లు."

జోయల్‌కు ఉత్సాహం వచ్చింది. ఆటోకు అంటించగా మిగిలిన మెరిసే రేడియం ముక్క తెచ్చి, గోటితో సిలువలా చింపి అంటించాడు. "గిది మా చర్చి. దీని ముంగట బోరింగు ఉండె, గది గూడ పెట్టాలె." పర్శరాములు పరుగున వెళ్ళి ఉల్లిపొర ముక్కలు తెచ్చి, తను ఎక్కిన ఈతచెట్లన్నీ వరసగా అంటించడం మొదలుపెట్టాడు. వినీత మొదట వద్దు వద్దు అంది. తర్వాత బోరింగు కోసం తనే ఒక మిరియపు గింజ వెతికి ఇచ్చింది.

అంతలో కొండవ్వ తన బొట్టుబిళ్ళ తీసుకుని వచ్చి ఆగిపోయింది.

"ఓ బాలవ్వా! నీ ఇల్లు నా దొడ్లకు వచ్చింది!"

"యాడొచ్చింది? గా చింతచెట్టు దాంక మాదే."

"చింతచెట్టు మా అత్త వెట్టింది!"

"మీ అత్త వెడితే మా జాగల ఎందుకు వెట్టింది?"

ఇద్దరి గొంతులూ లేచాయి. తింటున్నవాళ్ళు ఆకులతో సహా జరిగి దగ్గరికొచ్చారు. పర్శరాములు పెద్దమనిషై చీపురుపుల్ల తెచ్చి, ఉత్తర ధ్రువానికి దిగువన, నార్వే దేశపు మంచుగడ్డ మీద గోడ హద్దు కొలవబోయాడు. "గోడ గిటుండె," అన్నాడు. "అటుండె," అంది కొండవ్వ. సాక్ష్యం చెప్పమని జోయల్‌ను నిలబెడితే, తను చిన్నప్పుడు ఆ గోడ దూకిన మాట నిజమే కాని, దూకేటప్పుడు ఎటునుంచి ఎటు దూకాడో గుర్తులేదన్నాడు. తెల్ల ఎలుగుబంట్లకే తప్ప ఎవరికీ పనికిరాని ఆ జాగ కోసం ఇద్దరు ముసలమ్మలు కొంగులు నడుముకు చెక్కారు. వినీత బాలవ్వ బొట్టుబిళ్ళను గోటితో లేపి పిసరంత పక్కకు జరిపింది.

"ఇప్పుడు సరేనా?"

"ఇంకింత," అంది కొండవ్వ.

"మస్తైంది," అంది బాలవ్వ.

పొద్దు వాలేదాకా తేలలేదు. ఐలవ్వ ఇద్దరికీ ఒకే ఆకులో వడ్డించింది. తింటూ తగువులాడారు, చేయి కడుక్కుంటూ మళ్ళీ పటం చూసి తగువులాడారు. జోయల్ ఆటో స్టార్ట్ చేసి హారన్ కొడితే, ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఎక్కారు.

"రేపు మళ్ళ వస్త, గోడ సంగతి సూస్త," అంటోంది కొండవ్వ.

"రా. నేనేమన్న భయపడ్తనా? నేనూ వస్త," అంటోంది బాలవ్వ.

ఆటో గజ్వేల్ వైపు మలుపు తిరిగినా, ఇద్దరి మాటలూ రోడ్డు మీద చాలాసేపు వినిపిస్తూనే ఉన్నాయి.